అటు తిరిగి పాడినాయన

మొన్న సూర్యాపేటలో ఒక పిల్లల డాక్టరు క్లినిక్ ముందు బండి మీద కూర్చొని ఉన్నాను. పేషెంట్లందరూ అయిపోతే గాని మా మందుల కంపెనీ వాళ్లను లోపలికి పిలవరు. బ్యాగు ట్యాంకు మీద పెట్టుకొని ఫోన్ చూసుకుంటుంటే సందులోంచి ఉల్లిగడ్డల ఆటో వచ్చింది.

"ఉల్లిగడ్డలు, ఉల్లిగడ్డలు. ఎర్రటి ఉల్లిగడ్డలు, గట్టి ఉల్లిగడ్డలు. అక్కా, బయటికి రాండ్రి. చేత్తోని పట్టి చూసుకొని తీసుకోండ్రి."

ఆ గొంతుగల మనిషి చనిపోయి ఏడాది దాటింది.

ఆటో ఆగింది. ఒకామె గిన్నె పట్టుకొని వచ్చి, మొలకలు వచ్చినవి ఏరి పక్కన పెడుతూ బేరం చేసింది. ఆమె నెత్తి మీద మైకు చెప్పిందే చెబుతోంది. నాకు ఏడుపు వస్తుందేమో అని చూసుకున్నాను. రాలేదు. గుండె దడ కూడా లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎట్లా ఉంటుందో అట్లా ఉంది లోపలంతా. నాదే, కానీ తాకితే తెలియదు. ఆటో మూల తిరిగింది. నన్ను లోపలికి పిలిచారు. వెళ్లి కొత్త జ్వరం సిరప్ గురించి చెప్పి వచ్చాను.

మేం ఆయన్ని అన్న అనేవాళ్లం. పేరు రాయడం లేదు. ఆయన బతుకంతా పేరు లేని గొంతే. ఊరంతా తిరిగేది, ఎవరిదో ఎవరికీ తెలియదు.

సూర్యాపేట బస్టాండు వెనక జిరాక్స్ షాపు మీద చిన్న గది ఆయనది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాడు. ఒక మైకు, ఒక పాత కంప్యూటరు, వేడినీళ్ల ఫ్లాస్కు. ఆటోల మీద తిరిగే ప్రచారాలన్నీ అక్కడే తయారయ్యేవి. ఉల్లిగడ్డలు, పాత ఇనుము, చీరల సేలు, కొత్త స్కూలు అడ్మిషన్లు. ఏది చెప్పినా ఒకే తీరు. నవ్వుండదు, ఏడుపుండదు. చీరల సేలు వాళ్లు "అన్నా, జర సంబురంగ చెప్పు" అంటే, "సంబురం నేను చెప్పొద్దు, చీర సూసి ఆళ్లకు రావాలె" అనేవాడు. కళ్లు మూసుకొని ఒక్క పెట్టున చదివేసేవాడు. ముఖ్యమైన మాట మాత్రం రెండుసార్లు చెప్పేవాడు.

మా కంపెనీ ఉచిత వైద్య శిబిరం పెట్టినప్పుడు రికార్డింగు కోసం నేను మొదటిసారి ఆ గదికి పోయాను. పని అయినాక ఆయన హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. వాటిలోంచి సన్నగా ఏదో ఇంగ్లీషు పాటలోని అరుపు వినబడింది. కోదాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అట్లాంటి పాటలే పెట్టి హాస్టలు వార్డెనుతో తిట్లు తిన్నవాణ్ణి నేను.

"అన్నా, అది పోస్ట్-హార్డ్‌కోరా?" అన్నాను.

"దాని పేరు నాకు తెల్వదు తమ్మీ. గీ కంప్యూటరు ఎవరో వాడింది కొన్న. అండ్ల ఉన్నయి. రోజు ఇంటున్న."

"ఇంగ్లీషు అర్థమైతదా?"

"మాటలు తెలుస్తలేవు. మనిషి తెలుస్తుండు."

ఎమో అని, పోస్ట్-హార్డ్‌కోర్ అని రకరకాల పేర్లు పెడతారు వాటికి. తెలియనివాళ్లకు నేను ఇట్లా చెప్తాను. పాట మెల్లగా మొదలవుతుంది. పాడేవాడు ఇప్పుడో ఇంకాసేపటికో ఏడుస్తాడు అన్నట్టు ఉంటుంది. ఏడవడు. ఒక్కసారిగా గొంతు చిరిగిపోయినట్టు అరుస్తాడు. ఇంట్లో మాట, బళ్లో మాట, పనిచేసే కాడ పడ్డ మాట, ఎవరికీ తిరిగి చెప్పలేనివన్నీ ఆ అరుపులో ఉంటాయి. మళ్లీ ఏమీ కానట్టు మెల్లగా పాడతాడు. మొదటిసారి విన్నవాళ్లు ఇద్దరు పాడుతున్నారనుకుంటారు. ఒక్కడే.

బాధ ఎక్కువైతే అట్లా అరుస్తారేమో అని ఒకసారి నేనంటే, అన్న తల అడ్డంగా ఊపాడు.

"బాధ తెలుస్తుంటె మనిషి గమ్మునుంటడు తమ్మీ. తెలుస్తలేనప్పుడే అరుస్తడు. కాలు తిమ్మిరెక్కితె నేలకేసి కొడ్తం సూడు. ఉన్నదా పోయిందా అని. గట్ల."

ఎవరి అరుపైనా ఆయనకు కావాలి. బజార్లో కూరగాయల వాళ్ల వెనక ఊరికే నడిచేవాడు. ఒకసారి నేను గదిలో ఉన్నప్పుడు ఎండుచేపలు అమ్మే ముసలామె, కొడుకుతో వచ్చింది. కొడుకు కొత్తగా మోపెడ్‌కు మైకు కట్టించుకున్నాడు. అన్న ఆమెను అడిగాడు.

"అవ్వా, నువ్వు బజార్ల ఎట్ల అరుస్తవ్?"

ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బతిమాలితే అరిచింది. "ఎండు శాపలో…" అని మొదలుపెట్టి, పైకి పోయి, అక్కడ గొంతు పగిలి రెండుగా కిందికి దిగింది. అన్న లేచి నిలబడ్డాడు. మైకు తీసుకుపోయి ఆమె ముందు పెట్టాడు.

కొడుకుకు నచ్చలేదు. "నీ గొంతు సాఫ్ ఉంటదని వచ్చినమన్నా. మా అమ్మ గొంతయితె ఇంట్లనే ఉన్నది గద."

"సాఫ్ గొంతులు శాన ఉన్నయి బజార్ల. గిసుంటిది గిదొక్కటే ఉన్నది" అన్నాడు అన్న. వాళ్లు పోయినాక ఆ ఫైలు మళ్లీ మళ్లీ విన్నాడు. "రేపటి సంది గీ అవ్వ అరువది. డబ్బా అరుస్తది. నేనే బంద్ చేసిన" అన్నాడు. అది కూడా ఆటో గొంతుతోనే అన్నాడు.

నాకు గిటారు వచ్చు. కోదాడలో నా దోస్తు సామ్యేల్ చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు. ముగ్గురం కలిసి సామ్యేల్ వాళ్ల మేడ మీద గదిలో బ్యాండు మొదలుపెట్టాం. అన్న అంతకు ముందు ఎన్నడూ పాడలేదు. ఫ్లాస్కు మూతలో నీళ్లు తాగి, మాకు వీపు చేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మెల్లగా రెండు మాటలు పాడాడు. తర్వాత అరిచాడు.

నా చెయ్యి తీగల మీద ఆగిపోయింది. అంత అరుపు ఆ సన్నటి మనిషి లోపల ఉందని అనుకోలేదు. కింది వాటాలో ఉండే ఆమె మెట్లెక్కి ఉరుక్కుంటూ వచ్చింది.

"ఎవరికన్నా కరెంటు షాకు కొట్టిందా?"

ఆ తర్వాత ప్రతి ఆదివారం అన్న ముందుగా వాడలో ఇల్లిల్లూ తిరిగేవాడు. "అక్కా, ఇంకా జరసేపటికి అరుస్తం. ఎవ్వలకేం కాలేదు. బుగులు పడకుండ్రి." ఒకామె అడిగింది, "అసలెందుకయ్యా అరవడం?" అన్న నిజంగానే ఆలోచించాడు. "ఇంట్ల అరుస్తె మంచిగుండదని" అని చెప్పి పక్కింటికి పోయాడు.

ఆ మర్యాదలు ఎక్కువ రోజులు పనిచేయలేదు. వాడవాళ్లు సామ్యేల్ వాళ్ల నాన్నతో చెప్పారు. అప్పుడు సామ్యేల్ ఒక మాట తెచ్చాడు. వాళ్ల మేనమామ మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. సీజను లేనప్పుడు పక్క గోదాము సగం ఖాళీగానే ఉంటుంది.

"ఆదివారం ఎవరూ ఉండరన్నా. ఎంత అరిచినా అడిగేవోడు లేడు" అన్నాడు సామ్యేల్.

"ఏ మిల్లు?" అన్నాడు అన్న.

సామ్యేల్ చెప్పాడు. అన్న ఫ్లాస్కు మూత బిగించి, మళ్లీ వదులు చేసి, మళ్లీ బిగించాడు. "పోదాం" అన్నాడు.

ఆ గోదాములో ఒక గోడ వెంబడి బియ్యం బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉండేవి. ప్రతి బస్తా మీద మిల్లు యజమాని సేటు పేరు ఎర్ర రంగులో అచ్చు వేసి ఉండేది. అన్న అక్కడ కూడా మాకు వీపు చేసి, ఆ బస్తాల వైపే నిలబడేవాడు. మేం అదొక స్టైల్ అనుకున్నాం.

"రేపు స్టేజీ ఎక్కితే ఎట్లన్నా? జనానికి వీపు చూపిస్తవా?" అని అడిగాను.

"జనం మీద అరుస్తలేను గద తమ్మీ. ఆళ్లకెల్లి తిరిగి అరిస్తె ఆళ్ల మీద కోపం ఉన్నట్టుంటది."

"మరి ఎవరి మీద?"

"ఏమో" అన్నాడు.

ఆ గోదాములోనే ఆయన ఒక పాట కట్టాడు. కాగితం మీద రాయలేదు. పాడీ పాడీ నిలిచింది.

*బస్తా మీద పేరున్నది*
*బస్తా మోసినోనికి వీపున్నది*
*బస్తా కింద పడ్డోనికి*
*ఏమున్నది, ఏమున్నది*

హమాలీల మీద పాట, బాగుంది అనుకున్నాం. మొదటి రెండు వరుసలు మెల్లగా, జోల పాడినట్టు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అది మాటగా ఉండేది కాదు.

వినాయక చవితికి మిల్లు ముందే మండపం వేశారు. ఆ సాయంత్రం రావాల్సిన ఆర్కెస్ట్రా బండి దారిలో ఆగిపోయింది. జనం వచ్చి కూర్చున్నారు. సేటు ముందు వరుసలో ఉన్నాడు. గుమాస్తా మామ చెమటలు తుడుచుకుంటూ మా దగ్గరికి ఉరికొచ్చాడు. "ఒరేయ్ సామ్యేలూ, మీవోళ్లు ఏదో పాడతారు గదా. ఆళ్లొచ్చే దాకా రెండు పాటలు లాగండ్రా. దేవుడి పాటలైతే మంచిది."

దేవుడి పాటలు రావని చెప్పబోయాను. అన్న అప్పటికే మెట్లు ఎక్కుతున్నాడు.

మొదటి పాట మామూలుగా అటు తిరిగి, వినాయకుడి వైపు చూస్తూ పాడాడు. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండోది బస్తాల పాట. నేను తీగ మీటగానే అన్న ఇటు తిరిగాడు. జనం మొదటిసారి ఆయన ముఖం చూశారు.  సామ్యేల్ నన్ను చూశాడు. నేను సామ్యేల్‌ను చూశాను. ఆగకుండా వాయించాం.

సూటిగా సేటును చూస్తూ పాడాడు. "ఏమున్నది" దగ్గర అరిచిన అరుపుకు మండపం గుడ్డలు ఊగినట్టు అనిపించింది. ఒక చంటిపిల్ల ఏడ్చింది. అయిపోయింది.

సేటు లేచాడు.  ఆయన మెల్లగా స్టేజీ ఎక్కి, మామ అందించిన శాలువా అన్న భుజాల మీద కప్పాడు. చప్పట్లు కొట్టాడు. జనం కూడా కొట్టారు. మంచి మనిషిలా నవ్వి, "కొత్త రకంగ పాడినవు. మాటలే తెలియలేదు గాని, శాన జోరుంది" అన్నాడు.

అన్న శాలువాతో అట్లాగే నిలబడ్డాడు. తర్వాత మైకు నోటికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు, గదిలో పట్టుకున్నట్టు. కళ్లు మూసుకున్నాడు.

"అందరికి నమస్కారం. ఇప్పుడు పాడిన పాటల మాటలు మీకు తెలియలేదు. కావున మళ్ల చెప్పడమైనది. మా నాయిన పేరు లింగయ్య. గీ మిల్లుల హమాలీ. పక్క గోదాంల బస్తాలు మీద పడి సచ్చిపోయిండు. నేను అప్పుడు బళ్లె చదువుతున్న. బస్తాల మీద సేటుగారి పేరున్నది. బస్తాల కింద ఉన్నాయన పేరు లింగయ్య. లింగయ్య."

ఉల్లిగడ్డల గొంతు అది. ఒక్క మాట కూడా ఎవరికీ తప్పిపోలేదు.

సేటుకు కోపం రాలేదు. పక్కనున్న గుమాస్తా వైపు వంగి, "ఏ లింగయ్య?" అని అడిగాడు. మైకు దగ్గరగా ఉండటంతో ఆ మాట స్పీకరు పెట్టెల్లో పడి బజారంతా వినబడింది.

జనం చివర్న, బండ్ల పక్కన కింద కూర్చున్న హమాలీల్లోంచి ఒక ముసలాయన లేచాడు. "పొట్టి లింగయ్య, సేటూ. నీకు పొద్దుగాల శాయ తెచ్చేటోడు" అన్నాడు.

సేటు ఏదో అనబోయాడు. అప్పుడే ఎవరో మైకు బంద్ చేశారు. ఆర్కెస్ట్రా బండి వచ్చిందని కేకలు వినిపించాయి. అన్న శాలువా తీసి, మడత చెడకుండా మడిచి, కుర్చీ మీద పెట్టి దిగాడు. కింద పులిహోర పంచుతున్నారు. అందరూ తిన్నారు. మేమూ తిన్నాం. ఆ ముసలాయన వచ్చి అన్న తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు హుజూర్‌నగర్‌లో టీ కోసం ఆగాం. అన్న అడిగాడు.

"సాఫ్ ఇనబడ్డదా తమ్మీ? ఉరుకులాడినట్టు లేదు గద?"

"మంచిగ వినబడ్డదన్నా."

"గట్లయితె పాటెందుకు మరి. ఇన్నేండ్లు అరిసుడెందుకు. చెప్తె అయిపోయేది."

 సామ్యేల్ గ్లాసు కింద పెట్టి, "అరవకపోతే నువ్వు ఇటు తిరిగేవోడివా అన్నా?" అన్నాడు. అన్న వాడిని చూసి, గ్లాసులో మిగిలిన టీ తాగాడు.

గోదాము పోయింది. సామ్యేల్ మామ వాళ్లింటికి రావడం మానేశాడు. మేం బ్యాండు ఆపేద్దామని ఎవరూ అనలేదు, ఆదివారాలు మాత్రం వేరే పనులతో నిండిపోయాయి. నేను రికార్డింగులకు పోయినప్పుడు అన్న అదే గదిలో, అదే ఫ్లాస్కుతో ఉండేవాడు. హెడ్‌ఫోన్లలో అరుపు మాత్రం వినబడలేదు. 

పోయినేడు వానాకాలం ఆయనకు డెంగీ వచ్చింది. మామూలు జ్వరమే అనుకొని గదిలోనే పడుకున్నాడు. జిరాక్స్ షాపు వాళ్లు చూసి దవాఖానలో చేర్చేసరికి ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో నేను పక్కనే కూర్చున్నాను. నకిరేకల్ దాటినాక నర్సు చెయ్యి పట్టి చూసి, డ్రైవరుతో ఇగ నిమ్మళంగా పొమ్మంది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నేను కిటికీలోంచి పెట్రోలు బంకులు చూస్తూ కూర్చున్నాను.

లింగయ్య చనిపోయాక అన్న వాళ్లమ్మ మిర్యాలగూడ వదిలి పాలకీడు దగ్గర తన తమ్ముడి ఊరికి పోయింది. అక్కడే కూలికి పోతూ ఆయన్ని పెంచింది. మేం ఆమెను చూసింది ఆయన పోయినాకే. అస్థికలు కలపడానికి వాడపల్లి పోతుంటే సామ్యేల్, నేను కూడా వెళ్లాం. మూసీ కృష్ణలో కలిసే చోట నీళ్లు రెండు రంగులుగా ఉన్నాయి. పని అయిపోయింది. చుట్టాలు స్నానాలు చేస్తున్నారు. ఆమె మెట్ల మీద మా పక్కకు వచ్చి కూర్చుంది.

"బిడ్డా, మీరు ఆనితోని పాడేటోళ్లు గద?"

"అవునమ్మా."

"అందరంటున్నరు. అరిసెటోడంట. ఎట్ల అరిసెటోడు?"

నేను ఫోన్ తీశాను. గోదాములో తీసిన వీడియో ఒకటి ఉంది. అంతా డ్రమ్ముల మోత, అందులో ఒక వీపు. ఆమె కాసేపు చూసి ఫోన్ తిరిగి ఇచ్చింది.

"గిండ్ల ఏం తెలుస్తలేదు. నువ్వు అరిసి సూపెట్టు."

సామ్యేల్ తల దించుకున్నాడు. నేను ఎన్నడూ పాడినవాణ్ణి కాదు. ఇక్కడ బాగుండదమ్మా అందామనుకున్నాను. ఆమె ముఖం చూస్తే ఏదో ఊరికి దారి అడిగినట్టు మామూలుగా ఉంది. లేచి నిలబడ్డాను. నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. మళ్లీ అరిచాను. స్నానాలు చేస్తున్నవాళ్లు తిరిగి చూశారు. ఆమె తమ్ముడు తడి బట్టలతో వచ్చి, "ఏందయ్యా గిది, ఏం పని?" అన్నాడు.

"నువ్వు ఆగురా" అంది ఆమె. నన్ను చూసింది. "గింతేనా? ఇంకా గట్టిగనా?"

"ఇంకా గట్టిగనమ్మా."

"అరువు మరి."

అరిచాను. గొంతులో ఏదో చిరిగింది. ఊపిరి అయిపోయేదాకా అరిచాను. అయిపోయాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగి ఉండిపోయాను. ఏడుపు అప్పుడు కూడా రాలేదు. గొంతు మంట మాత్రం తెలిసింది.

ఆమె నీళ్ల వైపు చూస్తూ ఉంది.

"కూరల ఉప్పు తక్కువైందని గూడ అనలే బిడ్డా ఆడు. గమ్మున తినేటోడు" అంది. "గింత ఏడ పెట్టుకున్నడో" అంది.

తర్వాత లేచి, కొంగు దులుపుకొని, బస్సు ఎన్నింటికని తమ్ముణ్ణి అడిగింది.

మర్నాడు నాకు కోదాడలో డ్యూటీ. పొద్దున్నే లేస్తే గొంతు లేదు. సెలవు పెట్టడానికి ఫోన్లో కూడా మాట్లాడలేను గనక బండెక్కి పోయాను. మొదటి క్లినిక్‌లో డాక్టరుకు నమస్కారం పెట్టి, బ్యాగులోంచి మా కంపెనీ గొంతుమందు తీసి టేబుల్ మీద పెట్టాను. దాని గుణాలు చెప్పాలి. పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు.

డాక్టరు సీసా తిప్పి చూసి నవ్వాడు. "ఏంటయ్యా, మీ మందు మీకే పనిచెయ్యడం లేదా?"

నేనూ నవ్వాను. ముక్కు చూపించి, జలుబు సార్ అన్నట్టు సైగ చేశాను.